వెనక హబ్ మన్నిక: చవక గేర్ సైకిళ్ళలో అసలు లోపం ఎక్కడుంది?

1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర కొందరు కుర్రాళ్ళు పాత సైకిళ్ళు వేసుకుని కొండ మట్టిబాట మీద దిగుడు పందెం పెట్టుకున్నారు. సుమారు రెండు మైళ్ళ దారి, 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనక హబ్ లోపలే ఉండేది. పెడల్ వెనక్కి తొక్కితే పట్టేది. కిందికి చేరేసరికి హబ్ కాగిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్ళీ దిగాలంటే హబ్ విప్పి కొత్త గ్రీజు కూరాల్సిందే. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరొచ్చింది. చార్లీ కెల్లీ, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటి వాళ్ళు పాల్గొన్న ఆ పందేల చుట్టూనే మౌంటెన్ బైక్ రూపుదిద్దుకుంది. కొండ సైకిల్ పుట్టిన రోజుల్లోనే వేధించిన భాగాల్లో వెనక హబ్ ఒకటి.

ఆ తర్వాత సస్పెన్షన్ వచ్చింది, డిస్క్ బ్రేకులు వచ్చాయి, గేర్లు పెరిగాయి. ఖరీదైన సైకిళ్ళలో హబ్ సమస్య చాలావరకు తీరింది. పది పదిహేను వేల రూపాయలకు మన ఊళ్ళలో అమ్మే గేర్ సైకిళ్ళలో మాత్రం అది ఇంకా అలాగే ఉంది. ఇరుసు వంగుతుంది, బాల్స్ తిరిగే కోన్‌లు గుంటలు పడతాయి, ఫ్రీవీల్ జారుతుంది, స్పోకులు తెగుతాయి. ఏడాది రెండేళ్ళకే ఇదంతా చూసి, చవక సరుకు ఇంతేనని యజమాని సరిపెట్టుకుంటాడు. ఆ తీర్పు సగమే నిజం. ఈ హబ్‌లు ఎక్కడ, ఎందుకు చెడిపోతాయో ఒక్కొక్కటిగా చూస్తే, లోహం నాణ్యత కన్నా మూడు విషయాలు మన్నికను ఎక్కువగా నిర్ణయిస్తున్నాయని తెలుస్తుంది. ఇరుసును బేరింగులు ఎక్కడ మోస్తున్నాయి, హబ్‌ను విప్పి శుభ్రం చేసుకునే వీలుందా, అరిగిన భాగం విడిగా దొరుకుతుందా అనేవే ఆ మూడు.

హబ్ మీద పడే భారం

ముందు చక్రం హబ్ బరువు మోస్తే చాలు. వెనక హబ్ బరువు మోయడంతో పాటు చైను లాగుడును చక్రానికి అందించాలి. ఈ రెండో పని ఎంత పెద్దదో లెక్క వేస్తే గాని నమ్మబుద్ధి కాదు.

80 కిలోల మనిషి ఎత్తు ఎక్కుతూ ఒక పెడల్ మీద నిలబడ్డాడనుకుందాం. 170 మి.మీ. క్రాంకు మీద అది సుమారు 133 న్యూటన్ మీటర్ల టార్క్. 21 గేర్ల సైకిల్‌లో ముందు 24 పళ్ళ చిన్న చక్రం, వెనక 28 పళ్ళ పెద్ద చక్రం మీద చైను ఉంటే, ఆ చైను దాదాపు 2,750 న్యూటన్ల బలంతో లాగుతుంది. అంటే 280 కిలోల బరువు వేలాడదీసినంత. తొక్కేవాడి బరువుకు మూడున్నర రెట్లు! అదీ గుంటలో పడనక్కర్లేకుండా, గాల్లోకి లేవనక్కర్లేకుండా, మామూలుగా ఎత్తు ఎక్కుతున్నప్పుడే.

ఆ గేరులో హబ్‌కు చేరే టార్క్ 155 న్యూటన్ మీటర్లు. ఇప్పటి 12 స్పీడ్ సైకిళ్ళలో ముందు 32, వెనక 51 పళ్ళు ఉంటే అది 212కు చేరుతుంది, కానీ చైను లాగుడు 2,060 న్యూటన్లకు తగ్గుతుంది. ఈ తేడా గమనించదగ్గది. ముందు మూడు చక్రాలున్న పాత తరహా సైకిళ్ళలో చైను లాగుడు ఎక్కువ కాబట్టి ఇరుసు, బేరింగులు ఎక్కువ నలుగుతాయి. ముందు ఒకే చక్రం, వెనక పెద్ద క్యాసెట్ (పళ్ళ చక్రాల గుత్తి) ఉన్న కొత్త సైకిళ్ళలో టార్క్ ఎక్కువ కాబట్టి, తొక్కితే పట్టి ఆపితే జారే రాచెట్టు ఎక్కువ నలుగుతుంది. హబ్‌లో ఏ భాగం ముందుగా పోతుందనేది సైకిల్ తరాన్ని బట్టి మారడానికి ఇదొక కారణం.

దూకుళ్ళు, గుంతలు హబ్‌ను చంపుతాయని అందరూ అంటారు. అవీ దెబ్బే. కానీ జాగ్రత్తగా తొక్కే మనిషి హబ్ కూడా ఘాట్ రోడ్డు ఎక్కుతూ ఎక్కుతూ పోవడానికి మూలం ఈ లెక్కలో ఉంది.

ఫ్రీవీల్, ఫ్రీహబ్: బేరింగ్ ఎక్కడుంది?

చవక సైకిళ్ళ వెనక హబ్‌లను రెండు జాతులుగా విడదీయాలి. మొదటిది ఫ్రీవీల్ రకం. హబ్ డొల్ల కుడివైపు మర ఉంటుంది. దాని మీదికి పళ్ళ చక్రాలూ రాచెట్టూ కలిసి ఉన్న ఫ్రీవీల్ మొత్తంగా బిగుసుకుంటుంది. 6, 7 స్పీడ్ చవక సైకిళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇదే. షిమానో టూర్నీ వర్గంలోని 14-28 పళ్ళ ఫ్రీవీల్ మన దగ్గర చాలా సైకిళ్ళకు వస్తుంది. రెండోది ఫ్రీహబ్ రకం. రాచెట్టు హబ్‌లోనే భాగం, పళ్ళ చక్రాలు మాత్రం క్యాసెట్‌గా దాని గాళ్ళలోకి జారి, పైన లాక్‌రింగ్‌తో బిగుస్తాయి.

బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపలి తేడా బేరింగ్ స్థానంలో ఉంది. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగ్ హబ్ డొల్లలోనే, అంటే ఫ్రీవీల్‌కు లోపలి పక్క ఉంటుంది. ఏడు చక్రాల ఫ్రీవీల్ మందమంతా దాటాక గాని ఇరుసు ఫ్రేమ్ గాడిని చేరదు. అంటే సుమారు నాలుగు సెంటీమీటర్ల మేర ఇరుసు ఏ ఆసరా లేకుండా బయటికి చాచుకుని ఉంటుంది. ఫ్రీహబ్‌లో ఆ బేరింగును బయటి చివరకు, ఫ్రేమ్ పక్కకు తెచ్చారు. ఆసరా లేని పొడవు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గింది. నీళ్ళ బిందెను చంకనెత్తుకుంటే వీధి చివరిదాకా నడుస్తాం, అదే బిందెను చేయి చాచి పట్టుకుంటే నిమిషం నిలవలేం. ఇరుసుకూ అంతే. అదే బరువు, అదే ఉక్కు, చాచిన పొడవు మూడు రెట్లైతే వంచే బలమూ మూడు రెట్లు.

ఈ మార్పు కొత్తదేం కాదు. బ్రిటన్‌లో బేలిస్ వైలీ సంస్థ 1930ల చివర్లోనే ఇలాంటి హబ్ చేసింది. షిమానో 1978లో డ్యూరా ఏస్ వర్గంలో క్యాసెట్ ఫ్రీహబ్ తెచ్చాక ఇది నెమ్మదిగా ప్రమాణంగా మారింది. 1981లో వచ్చిన స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్ మొదలుకొని తొలి తరం కొండ సైకిళ్ళు చాలావరకు ఫ్రీవీల్‌తోనే కొండలెక్కాయి, వంగిన ఇరుసులు ఆ కాలపు మెకానిక్కులకు నిత్యకృత్యం. ఫ్రీహబ్ వచ్చాక ఆ జబ్బు దాదాపు మాయమైంది. చవక సైకిళ్ళలో ఫ్రీవీల్ మిగిలిపోయింది కాబట్టి జబ్బూ మిగిలిపోయింది.

లోహం నాసిరకం కావడమే కారణమనే వాదానికి మన ఊళ్ళలోనే జవాబుంది. వెనక క్యారియర్ మీద వడ్ల బస్తా, రెండు పక్కలా పాల క్యాన్లు వేసుకుని దశాబ్దాలు తిరిగిన నల్ల సైకిళ్ళ ఇరుసులు మేలిరకం ఉక్కువేమీ కావు. వాటి మందమూ 10 మి.మీ. లోపే. అయినా అవి నిలబడ్డాయి. ఎందుకంటే వాటి ఫ్రీవీల్‌కు ఉన్నది ఒకే పళ్ళ చక్రం. బేరింగ్ నుంచి ఫ్రేమ్ దాకా ఉన్న దూరం ఏడు స్పీడ్ హబ్‌లో ఉన్నదానిలో దాదాపు సగమే. గేర్లు పెంచుతూ ఆసరాను మాత్రం పాత చోటే ఉంచడంలో లోపముంది.

మీటతో చక్రం బిగించే క్విక్ రిలీజ్ కోసం ఇరుసు మధ్యలో బెజ్జం ఉంటే బలహీనపడుతుందన్నది ఇంకో ప్రచారం. 10 మి.మీ. మర ఇరుసులో 5 మి.మీ. బెజ్జం పెడితే వంపును తట్టుకునే శక్తి సుమారు పదో వంతు తగ్గుతుంది, అంతకుమించి కాదు. వంగే చోట నిండు ఇరుసూ వంగుతుంది. దానికన్నా చూడాల్సింది ఫ్రేమ్ గాళ్ళు రెండూ సమాంతరంగా ఉన్నాయా లేదా అని. అవి ఏటవాలుగా ఉంటే, నట్లు బిగించగానే ఇరుసు వంగి కూర్చుంటుంది. ఆపై ప్రతి తొక్కుడుకూ, ప్రతి కుదుపుకూ అదే చోట అలసి చివరికి విరుగుతుంది. ఒకే సైకిల్‌లో పదేపదే ఇరుసు పోతుంటే కొత్త ఇరుసు వేసే ముందు గాళ్ళు సరిచూడాలి.

ఫ్రీవీల్‌ను సమర్థించే వాళ్ళ మాటలోనూ న్యాయముంది. ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది, రాచెట్టు పాడైతే మొత్తం విప్పి కొత్తది బిగిస్తే సరి. చదునైన ఊళ్ళో బడికీ పనికీ తిరిగే సైకిల్‌కు అది చాలు. అయితే తొక్కినకొద్దీ ఫ్రీవీల్ మరింత బిగుసుకుంటుంది కాబట్టి, విప్పడానికి సరైన టూల్, గట్టి వైసు, పొడవాటి పానా కావాలి. అవి లేని చోట సుత్తీ ఉలీ పెట్టి కొడతారు. దాంతో హబ్ మరలు కూడా పోతాయి.

కోన్‌లా, కార్ట్రిడ్జ్ బేరింగులా?

రెండో పెద్ద వివాదం బేరింగుల మీద. చవక హబ్‌లలో ఎక్కువగా ఉండేవి విడి బాల్స్, హబ్ లోపలి కప్పు, ఇరుసు మీది కోన్. షిమానో వెనక హబ్‌లలో సాధారణంగా పక్కకు తొమ్మిది చొప్పున పావు అంగుళం బాల్స్ ఉంటాయి. కొంచెం ధర పెరిగితే సీల్డ్ బేరింగ్ అని రాసి, బాల్స్, రింగులు ఒకే ముక్కగా వచ్చే కార్ట్రిడ్జ్ బేరింగులు వేస్తారు. సీల్డ్ అయితే మంచిది, కోన్ అయితే పాతది అనే అభిప్రాయం బజారులో పాతుకుపోయింది.

పాడైన హబ్ ఒకటి విప్పి చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. కోన్‌ను గుడ్డతో తుడిచి టార్చి వెలుగులో చుట్టూ తిప్పండి. బాల్స్ తిరిగిన దారి సన్నని మెరుపు గీతగా కనిపిస్తుంది. ఆ గీత చుట్టూతా ఒకేలా ఉండదు. ఒక వైపు నున్నగా ఉంటే, ఇంకో వైపు గోటి కొనకు తగిలే చిన్న చిన్న గుంటలుంటాయి. అక్కడ పైపొర చిట్లి లేచిపోయింది. చక్రంతో కప్పు తిరుగుతుంది, కోన్ మాత్రం ఇరుసు మీద కదలకుండా ఉంటుంది. కాబట్టి భారమంతా జీవితాంతం కోన్ మీద ఒకే చోట పడుతుంది. పైగా కోన్ ఉబ్బెత్తుగా ఉండి బాల్‌కు ఆనే చోటు చిన్నది, ఒత్తిడి పెద్దది. అందుకే చాలా హబ్‌లలో మొదట పోయేది కోనే.

ఇందులో ఒక మేలుంది. కోన్ మార్చుకోగల భాగం, కప్పు హబ్‌లోకి నొక్కి బిగించినది. పోయేది ముందుగా చవక భాగమే కావడం ఈ నిర్మాణానికి ఉన్న పెద్ద సుగుణం. సకాలంలో విప్పి, కోన్‌లు, బాల్స్ మార్చి, గ్రీజు పెడితే హబ్ మళ్ళీ కొత్తదే. ఆలస్యం చేస్తే చిట్లిన ఉక్కు రజను గ్రీజులో కలిసి కప్పును కూడా కోసేస్తుంది. అప్పుడు హబ్ మొత్తం పారేయాల్సిందే. షిమానో డియోర్ హబ్‌లు ఇన్నేళ్ళు మంచి పేరు నిలబెట్టుకున్నది కోన్‌లతోనే. కప్పులు నున్నగా సాన పట్టి, రబ్బరు సీళ్ళు సరిగ్గా అమర్చి, విడి కోన్‌లు అమ్మడం వల్ల అది సాధ్యమైంది.

కార్ట్రిడ్జ్‌కు ఉన్న బలం వేరే. దాని సీలు మీద నంబరు అచ్చేసి ఉంటుంది. 6001 అని ఉంటే లోపలి వ్యాసం 12, బయటి వ్యాసం 28, వెడల్పు 8 మి.మీ. ప్రపంచంలో ఎక్కడైనా అదే కొలత. సైకిల్ షాపులో కోన్ దొరక్కపోవచ్చు గాని, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగుల దుకాణంలో ఆ నంబరు చెబితే చేతిలో పెడతారు. బలహీనతలు రెండు. సన్నని గోడల చిన్న బేరింగులు వేసిన చవక హబ్‌లలో అవి త్వరగా గరగరలాడతాయి. రెండోది, బేరింగ్ కూర్చునే అల్యూమినియం గూడు. మెత్తని అల్యూమినియంలో గూడు ఒకసారి వదులైతే కొత్త బేరింగూ నిలవదు, ఆ హబ్‌కు మరమ్మతు కష్టం. లోపలి రింగు మీద సుత్తితో కొట్టి బేరింగును గూట్లోకి దిగ్గొట్టడం వల్ల ఆ దెబ్బంతా బాల్స్ మీదుగా పోయి, కొత్త బేరింగ్ బిగించిన రోజే పాడవుతుంది. నొక్కాల్సింది బయటి రింగును.

కాబట్టి సీల్డా కాదా అన్న ప్రశ్నతో తేలేదేమీ లేదు. విడి కోన్‌లు దొరికే కోన్ హబ్ మంచిది. పెద్ద బేరింగులు, గట్టి గూడు ఉన్న కార్ట్రిడ్జ్ హబ్ మంచిది. విడిభాగం దొరకని కోన్ హబ్, బొటనవేలంత బేరింగులున్న సీల్డ్ హబ్, రెండూ చెడ్డవే.

రాచెట్టు, నాలుకలు

తొక్కడం ఆపినప్పుడు వినిపించే టకటక శబ్దం ఉక్కు నాలుకలది. మెకానిక్కుల పుస్తకాల్లో వీటిని పాల్స్ అంటారు. తొక్కితే ఇవి స్ప్రింగు బలంతో లేచి రాచెట్టు పళ్ళకు ఆనుకుంటాయి, ఆపితే పళ్ళ మీద జారతాయి. చవక ఫ్రీవీల్, ఫ్రీహబ్‌లలో సాధారణంగా రెండు నాలుకలుంటాయి. ఇందాకటి 155 న్యూటన్ మీటర్ల టార్క్ ఇరుసు మధ్య నుంచి ఒకటిన్నర సెంటీమీటరు దూరంలోని నాలుకల దగ్గరికి వచ్చేసరికి టన్నుకు పైగా బరువవుతుంది. రెండు నాలుకలూ సమంగా పంచుకుంటే ఒక్కోదానికి అర టన్ను. గోరంత ఉక్కు ముక్క అంత మోస్తుందన్నమాట.

ఇక్కడ చెడేది రెండు విధాలుగా. మొదటిది నాలుక లేవకపోవడం. మట్టి, తుప్పు, ఎండి జిగురైన గ్రీజు నాలుకను పట్టేస్తే భారం మొత్తం రెండోదాని మీద పడుతుంది. అదీ పూర్తిగా లేవకుండా పన్ను అంచుకు మాత్రమే ఆనితే, బలంగా తొక్కిన క్షణాన చిట్లి జారుతుంది. నిలబడి తొక్కుతున్నవాడు హ్యాండిల్ మీదికి పడతాడు. తొక్కేటప్పుడు అప్పుడప్పుడు టక్కుమని జారినట్టు అనిపించడం మొదటి హెచ్చరిక. దాన్ని చైను జారడమనుకుని చైను మార్చేవాళ్ళు చాలామంది. చైనూ పళ్ళూ అరగకపోయినా జారుతుంటే అనుమానించాల్సింది రాచెట్టునే. ఎత్తు రోడ్ల మీద అలాంటి సైకిల్ తొక్కడం ప్రమాదం.

బాగు చేద్దామని నాలుకల దగ్గర చిక్కటి వీల్ గ్రీజు కూరడం కూడా తప్పే. నాలుక చురుగ్గా లేవాలి. అక్కడ పల్చటి గ్రీజు గాని, కొంచెం చిక్కని నూనె గాని సరిపోతుంది.

రెండోది ఫ్రీహబ్ ఒంటికి, అంటే క్యాసెట్ జారి కూర్చునే గాళ్ళ డొల్లకు, పడే దెబ్బ. బరువు తగ్గించడానికి కొన్ని హబ్‌లకు అల్యూమినియం ఒళ్ళు పెడతారు. చవక క్యాసెట్‌లలో ఉక్కు పళ్ళ చక్రాలు విడివిడిగా ఉంటాయి. ఒక్కో చక్రం సన్నటి అంచు అల్యూమినియం గాళ్ళలోకి కోసుకుపోతుంది. కొన్నాళ్ళకు క్యాసెట్ బయటికి తీయడమే గగనం. ఇలా చూస్తే, షిమానో తక్కువ ధర హబ్‌లలో వచ్చే ఉక్కు ఒళ్ళు బరువైనా మన్నేది. పైగా చాలా మోడళ్ళలో 10 మి.మీ. అలెన్ కీతో దాన్ని విప్పి కొత్తది బిగించవచ్చు.

నాలుకలు లేని పద్ధతీ ఒకటుంది. పళ్ళున్న రెండు రింగులు ముఖాముఖిగా కరుచుకునే ఈ రాచెట్టు హ్యూగీ హబ్‌ల నుంచి డీటీ స్విస్‌కు వచ్చింది. ఇందులో అన్ని పళ్ళూ ఒకేసారి భారం పంచుకుంటాయి, విప్పడానికి పెద్ద పరికరాలూ అక్కర్లేదు. ఇప్పుడు తక్కువ ధర హబ్‌లలోనూ దీని అనుకరణలు కనిపిస్తున్నాయి. నిర్మాణం మంచిదే, ఫలితం మాత్రం పళ్ళను ఎంత బాగా గట్టిపరిచారన్న దాని మీద ఉంటుంది.

పళ్ళు ఎన్ని ఎక్కువైతే అంత గొప్ప అనే ప్రచారాన్ని కూడా ఇక్కడే తూచాలి. 18 పళ్ళ రాచెట్టులో పెడల్ పట్టడానికి గరిష్ఠంగా 20 డిగ్రీలు తిరగాలి, 36 పళ్ళదైతే 10 డిగ్రీలు. రాళ్ళ మధ్య సైకిల్‌ను నడిపించే నేర్పరికి ఆ తేడా తెలుస్తుంది. కానీ అదే కొలతలో పళ్ళు పెంచితే ఒక్కో పన్నూ చిన్నదవుతుంది. తక్కువ ధరలో ఎక్కువ పళ్ళు కోరుకోవడం మన్నికను వదులుకోవడమే. చవక హబ్‌కు పెద్ద పళ్ళు, గట్టి నాలుకలే మేలు.

అంచులు, స్పోకులు, డిస్క్

ఇక్కడ చెప్పుకోవాల్సింది తక్కువే. గేర్లకు చోటివ్వడానికి వెనక చక్రాన్ని కుడివైపు నొక్కి అల్లుతారు. కుడి స్పోకులు బాగా బిగువుగా, ఎడమవి వదులుగా ఉంటాయి. యంత్రం మీద హడావిడిగా అల్లిన చక్రంలో ఆ బిగువు ఒక్కో స్పోకుకు ఒక్కోలా ఉంటుంది. అలసిపోయిన స్పోకు హబ్ అంచు దగ్గర మెడ వంపులో తెగుతుంది. నెపం హబ్ మీద పడుతుంది గాని, చాలాసార్లు తప్పు అల్లికది. కొత్త సైకిల్ కొన్న కొన్ని వారాలకు చక్రం బెండు తీయించి, స్పోకుల బిగువు సమం చేయిస్తే ఈ సమస్య చాలావరకు రాదు. డిస్క్ ఉన్న హబ్‌లలో ఆరు బోల్టులు దిగే మరలు మెత్తని అల్యూమినియంవి. అతిగా బిగిస్తే మర పోతుంది, హబ్ ఉన్నా బ్రేకు ఉండదు.

నీళ్ళు, గ్రీజు, బిగింపు

చవక హబ్‌లను తొందరగా ముసలివి చేసేవి రెండు: నీళ్ళు, తప్పు బిగింపు. మన దగ్గర బైకుల్లాగే సైకిళ్ళనూ వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తున్నారు. ప్రెషర్ పంపు నీళ్ళు హబ్ పక్క నుంచి కొడితే ఏ చవక సీలూ ఆగదు. పైకి మెరిసే సైకిల్ లోపల నీళ్ళు కలిసిన గ్రీజు పాలిపోయి, తుప్పు మొదలవుతుంది. వానాకాలం ఎర్రమట్టి, విశాఖ లాంటి చోట్ల ఉప్పుగాలి ఆ పనిని ఇంకా వేగంగా చేస్తాయి. బకెట్ నీళ్ళు, బ్రష్షు, తడిగుడ్డ చాలు.

బిగింపు సంగతి ఇంకా సూక్ష్మం. కోన్‌లు వదులైతే చక్రం ఆడుతుంది, భారం ఒకటి రెండు బాల్స్ మీదే పడుతుంది. మరీ బిగిస్తే బాల్స్ నలిగి గుంటలు పడతాయి. క్విక్ రిలీజ్ సైకిళ్ళలో ఇంకో మెలిక ఉంది. మీట మూయగానే ఇరుసు రవ్వంత కుదించుకుపోయి కోన్‌లు ఇంకాస్త బిగుస్తాయి. అందుకే చక్రం బయట ఉన్నప్పుడు కొద్దిపాటి ఆట ఉంచి, మీట బిగించాక ఆ ఆట పోయేలా సర్దాలి. 1981లో 'ద బైసికిల్ వీల్' రాసిన ఇంజినీరు జాబ్స్ట్ బ్రాంట్ ఈ విషయాన్ని పదేపదే నొక్కి చెప్పేవారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చాలా చవక హబ్‌లలో కోన్‌లు బిగుసుకుపోయి ఉంటాయి, గ్రీజు పిసరంత ఉంటుంది. కొన్న కొత్తలోనే ఒకసారి సర్దించుకుంటే ఆ హబ్ ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. చక్రం పైకెత్తి, రిమ్మును పట్టుకుని అటూఇటూ ఊపండి. కటకటమని ఆడితే కోన్ వదులైంది, లేదా ఇరుసు విరిగింది. చక్రం విప్పి ఇరుసును వేళ్ళతో తిప్పండి. ఇసుకలో తిరిగినట్టుంటే ఓవరాయిలింగ్‌కు ఇవ్వాలి. తిప్పుతున్నప్పుడు ఇరుసు కొన గుండ్రంగా ఊగితే అది వంగింది. తొక్కడం ఆపినప్పుడు ఫ్రీవీల్ మాత్రమే కొంచెం ఊగినట్టు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, చవక ఫ్రీవీళ్ళలో అది మామూలే.

మన దగ్గరున్న ఆధారాల బరువు

ఇంత చెప్పాక, ఈ నిర్ణయాలకు ఆధారం ఏమిటని అడగడం పాఠకుడి హక్కు. హబ్ ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందో తయారీదార్లు చెప్పడం అరుదు. తొక్కేవాళ్ళ అనుభవాల్లో వంకర ఉంది. హబ్ విరిగినవాడు నలుగురికీ చెబుతాడు, పదేళ్ళు తిరిగినవాడు దాని గురించి ఆలోచించడు కూడా. మెకానిక్కు చూసేవన్నీ పాడైనవే. 60 కిలోల మనిషి చదునుగా తొక్కిన హబ్‌నూ, 95 కిలోల మనిషి కొండలెక్కించిన హబ్‌నూ ఒకే గాటన కట్టి, ఫలానా మోడల్ మంచిదనీ చెడ్డదనీ తేల్చడం అన్యాయం.

అందుకే మోడళ్ళ పేర్ల మీద కన్నా చెడిపోయే తీరు మీద నమ్మకం పెట్టుకోవాలి. ఫ్రీవీల్ హబ్‌లలో ఇరుసు కుడివైపే వంగడం, కోన్ ఒక పక్కే గుంటలు పడటం, అల్యూమినియం ఒంటిని విడి చక్రాలు కోయడం ఏ దేశంలో విప్పినా ఒకేలా కనిపిస్తాయి. బలాల లెక్కలూ అదే చెబుతాయి. బల్ల మీద విప్పిన హబ్, కాగితం మీద వేసిన లెక్క ఒకే మాట చెప్పినప్పుడు దాన్ని నమ్మవచ్చు.

ఏం చేయాలి?

కొనేవాళ్ళు దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న, వెనక ఉన్నది ఫ్రీవీలా, క్యాసెట్టా అని. రెండోది, ఈ హబ్‌కు కోన్‌లు గాని బేరింగులు గాని ఎక్కడ దొరుకుతాయని. ఎన్ని గేర్లు, డిస్క్ ఉందా, ముందు సస్పెన్షన్ ఉందా అన్నవి ఆ తర్వాతే. ఒకే ధరలో వెనక సస్పెన్షన్, 21 గేర్లు, ఫ్రీవీల్ ఉన్న సైకిల్ ఒకటి, సస్పెన్షన్ తక్కువై 8 స్పీడ్ క్యాసెట్ ఉన్నది ఒకటి ఉంటే, కొండలెక్కేవాడు, బరువైనవాడు, రోజూ దూరం పోయేవాడు రెండోదాన్నే తీసుకోవాలి.

ఇప్పటికే ఫ్రీవీల్ సైకిల్ ఉన్నవాళ్ళు రెండోసారి ఇరుసు వంగితే మళ్ళీ ఇరుసుకు డబ్బు తగలేయకండి. ఫ్రేమ్ గాళ్ళ మధ్య 135 మి.మీ. ఉంటే, దానికి సరిపోయే ఉక్కు ఒంటి ఫ్రీహబ్ ఒకటి తీసుకుని, ఉన్న రిమ్ముకే అల్లించుకోవచ్చు. స్పోకు బెజ్జాల లెక్క, 32 గాని 36 గాని, రెండింటికీ కలవాలి. 8, 9 స్పీడ్ ఒంటి మీద 4.5 మి.మీ. స్పేసర్ వేస్తే 7 స్పీడ్ క్యాసెట్ కూర్చుంటుంది, పాత షిఫ్టరే పనిచేస్తుంది. సైకిల్ మొత్తం మార్చే ఖర్చులో ఇది చిన్న భాగం.

మెకానిక్కుల దగ్గర సన్నటి కోన్ పానాలు, ఫ్రీవీల్ టూల్, లాక్‌రింగ్ టూల్ ఉండి తీరాలి. ఇవి లేకుండా సుత్తితో చేసే పని వల్ల పోయే హబ్‌లు, వాడకం వల్ల పోయే వాటికి ఏమీ తీసిపోవు. ఓవరాయిలింగ్ అంటే సైకిల్ తుడిచి చైనుకు నూనె వేయడం కాదని, హబ్ విప్పాలని వినియోగదారుడూ అడిగి చేయించుకోవాలి.

తయారీదార్ల మీద బాధ్యత ఇంకా ఎక్కువ. గేర్ల సంఖ్యను ఫ్రేమ్ మీద రంగుల్లో రాసే కంపెనీలు హబ్ రకాన్ని, బేరింగ్ నంబరును, కోన్ కొలతను పట్టికలో ఒక్క వరుసలో ఇవ్వగలవు. ఫ్యాక్టరీలో ఇంకో చెంచాడు గ్రీజు, కోన్ సర్దడానికి ఇంకో రెండు నిమిషాలు పెట్టగలవు. ముందు మూడు చక్రాలకు బదులు ఒకటే పెట్టి, ఆ మిగులుతో వెనక ఫ్రీహబ్ ఇవ్వగలవు. దీనికి కొత్త ఆవిష్కరణ ఏదీ అక్కర్లేదు, 1930ల చివరి నుంచీ తెలిసిన సంగతే. ఈ సైకిళ్ళు కొనేది పిల్లవాడి కాలేజీ కోసం, పార్సిళ్ళు చేరవేసే పని కోసం కూడబెట్టిన డబ్బుతో. ఆ డబ్బుకు 21 అనే అంకె కన్నా, విప్పి బాగు చేసుకోగల ఒక గట్టి వెనక హబ్ దక్కాలి. కొనేవాళ్ళు దుకాణంలో అది అడగడం మొదలుపెడితే కంపెనీలు ఇవ్వక తప్పదు.